కిట్ కారు ముందు భాగం తిరిగి కట్టడం ఎలా: ముందు లైట్లు, తర్వాతే బాడీ

విడిభాగాలు కొని ఇంట్లో కట్టుకున్న కిట్ కారు ముందు భాగాన్ని మళ్లీ చేయాలనుకునేవాళ్లలో చాలామంది ఆకారంతో మొదలుపెడతారు. ముక్కు ఎంత వంపు తిరగాలి, గ్రిల్ నోరు ఎంత వెడల్పుండాలి అని గీసుకుంటారు, ఫైబర్‌గ్లాస్ వేస్తారు, అంతా అయ్యాక లైట్లకు రంధ్రాలు కోస్తారు. అసలు తలనొప్పి అక్కడ మొదలవుతుంది. ఒక లైటు ఇంకోదానికంటే వేలెడు పైన ఉంటుంది. లైటు వెనక డొప్ప టైరుకు తగులుతుంది. గురి సరిచేసే స్క్రూకి స్క్రూడ్రైవర్ అందదు.

ఈ వరస తిరగేయండి. ముందు భాగంలో ఇంత ఎత్తు, ఇంత దూరం, ఇంత కోణం అని కచ్చితమైన లెక్కలున్నది లైట్లకే. బాడీ మన చేతిలో పని, ఎటు వంచితే అటు వంగుతుంది. అందుకే లైట్లను ముందు ఛాసిస్ మీద నిలబెట్టి, వాటి చుట్టూ బాడీ కట్టాలి. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ తరహా కార్లు చూడండి. లైట్లు ముక్కులో ఉండవు, విడిగా బ్రాకెట్ల మీద నిలబడతాయి. ముక్కు ఊడదీసి పక్కన పెట్టినా లైట్ల గురి చెదరదు. మీ కారులో లైట్లు బాడీలో కలిసిపోయే రకమే అయినా, లోపల ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు.

విప్పే ముందు

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. తర్వాత ఫోటోలు. ప్రతి బోల్టు, ప్రతి వైరు జాయింటు, ప్రతి వాషరు ఏ వరసలో ఉందో తీసిపెట్టుకోండి. పాత ముక్కు పాడైపోయిందని అప్పుడే కోసి పారేయకండి. పగిలిన ముక్కు కూడా కొత్తదానికి కొలబద్దగా పనికొస్తుంది.

విప్పాక పగుళ్లను చదవండి. అన్నీ ఒక రకం కావు. ఒక చుక్క నుంచి చుట్టూ నక్షత్రంలా పాకిన సన్నని గీతలు కనిపిస్తే, అక్కడ వెనకనుంచో ముందునుంచో దెబ్బ తగిలి, పైనున్న జెల్‌కోట్, అంటే ఫైబర్‌గ్లాస్ మీది రంగు రెసిన్ పొర, చిట్లిందని అర్థం. బోల్టు రంధ్రం నుంచి బయటికి పాకిన గీత దెబ్బ వల్ల వచ్చింది కాదు. బోల్టు మరీ బిగిసిపోయి ఉండాలి, లేదా ఆ చోట బాడీ బలవంతంగా లాగి కట్టి ఉండాలి. కారణం సరిచేయకుండా పైన పుట్టీ పెడితే, అదే గీత అదే చోట మళ్లీ వస్తుంది. చివరగా ఒక నాణెంతో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట టక్‌మని మోగుతుంది. పొరలు విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. ఆ చోటు చుట్టూ పెన్సిల్‌తో గీయండి.

కారుకి గట్టి దెబ్బ తగిలి ఉంటే బాడీ జోలికి వెళ్లే ముందు ఛాసిస్‌ను మూల నుంచి మూలకి కొలవండి. ముందు సస్పెన్షన్ బిగించే నాలుగు చోట్ల మధ్య రెండు కర్ణాలూ సమానంగా రావాలి. తేడా ఉంటే ఆ పని ముందు. వంగిన ఛాసిస్ మీద తిన్నని ముక్కు ఎన్నటికీ కూర్చోదు.

గీతలు గీయడం

కారును చదునైన నేల మీద నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. డ్రైవర్ సీట్లో సుమారు 75 కిలోల బరువు పెట్టండి. ఇంజిన్, రేడియేటర్, నీళ్లు, ఆయిల్ అన్నీ ఉన్నప్పటి ఎత్తే అసలు ఎత్తు. ఖాళీ ఛాసిస్ మీద కొలిచిన లైటు ఎత్తు, బరువు పడ్డాక తప్పకుండా మారుతుంది.

ఇప్పుడు మధ్య గీత కావాలి. దాన్ని పాత బాడీ నుంచి తీసుకోకండి, చేత్తో చేసిన బాడీలు రెండు పక్కలా ఒకేలా ఉండటం అరుదు. ముందు సస్పెన్షన్ పిన్నుల నుంచి, వెనక సస్పెన్షన్ పిన్నుల నుంచి తూకంగుండు వేలాడదీసి నేల మీద చుక్కలు పెట్టండి. ముందు జతకి ఒక మధ్య బిందువు, వెనక జతకి ఒకటి. ఆ రెంటినీ కలుపుతూ దారం లాగి, కారు ముందు ఒక మీటరు దాకా పొడిగించి, నేల మీద గట్టిగా గీసేయండి. పని మొత్తం అయ్యేదాకా ఆ గీత చెరగకూడదు. ముక్కుకి సంబంధించిన ప్రతి కొలతా దాన్నుంచే.

లైట్ల స్థానానికి మీ దేశపు నిబంధన చూసుకోవాలి. చాలా దేశాలు అనుసరించే ఐక్యరాజ్యసమితి 48వ నియమం ప్రకారం లో బీమ్ (కిందికి వాలిన వెలుగు) లైటు నేలనుంచి 500 మిల్లీమీటర్లకు తక్కువ ఉండకూడదు, 1200 మిల్లీమీటర్లు దాటకూడదు. కారు బయటి అంచు నుంచి లైటు బయటి అంచు 400 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. కిట్ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి కిందిదైన 500 హద్దే ఎక్కువమందికి అడ్డొస్తుంది. ఈ కొలత లైటు మధ్య నుంచి కాదు, వెలుగు వచ్చే భాగం కింది అంచు నుంచి. ఇక్కడ పొరపడితే గుండ్రటి లైటులో సగం వ్యాసమంత తేడా వస్తుంది.

లైటు ఎంచుకోవడం

కొత్త డిజైన్ ఏదైనా సరే, దొరికే లైటునే పెట్టుకోండి. 7 అంగుళాల గుండ్రటి లైటు కొలత అమెరికాలో 1940 నుంచీ ప్రామాణికం. అందుకే దాని గిన్నెలు, రింగులు, అద్దాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. ఇంకాస్త చిన్న ముక్కుకి 5¾ అంగుళాలవి. ఏదో ఒక అరుదైన కారు లైటు చూడ్డానికి బాగుందని దాని చుట్టూ బాడీ అంతా పోసేశాక, రేపు ఒక రాయి తగిలి అద్దం పగిలితే జత దొరకదు.

అద్దం మీద అచ్చు చూడండి. గుండ్రటి వలయంలో E అక్షరం, పక్కన అంకె ఉంటే ఆమోదం పొందిన లైటు. HC అంటే హాలోజన్ లో బీమ్, HR అంటే హై బీమ్, HCR అంటే రెండూ. వీటి దగ్గరే ఒక చిన్న బాణం ఉండొచ్చు. లైటుకు ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు చూపే బాణం ఉంటే, అది రోడ్డుకు ఎడమ పక్కన నడిపే దేశాలకు చేసింది. బాణమే లేకపోతే కుడి పక్కన నడిపే దేశాలకు. పాత కార్ల నుంచి తీసిన లైట్లు కొనేవాళ్లు దీన్నే మర్చిపోతుంటారు. తప్పు రకం పెడితే ఎంత గురి తిప్పినా వెలుగు ఎదుటివాడి కళ్లలోకే పోతుంది.

హాలోజన్ గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు దూర్చే ఆలోచన ఉంటే మానుకోండి. గిన్నె అద్దం లెక్క ఫిలమెంట్ ఉన్న చోటును బట్టి కట్టింది. వెలుగు పుట్టే చోటు కాస్త మారినా కిరణాలు చెదిరిపోతాయి. ఎల్‌ఈడీయే కావాలంటే గిన్నెతో సహా ఆమోదం ఉన్న పూర్తి యూనిట్ కొనండి. కొనేటప్పుడు ముందు వ్యాసంతో పాటు వెనక లోతు కూడా కొలవండి. బల్బు, రబ్బరు టోపీ, ప్లగ్ కలిపి గిన్నె వెనక ఇంకా చాలా చోటు తింటాయి. ప్లగ్ పీకడానికి చేయి దూరే సందు కూడా ఉండాలి.

లైటు ముందు వాలుగా పారదర్శకపు కవర్ పెట్టాలని చాలామందికి మోజు. అందంగానే ఉంటుంది. కానీ లైటుకు ఆమోదం ఇచ్చింది ఆ కవర్ లేకుండా. బాగా వాలిన ప్లాస్టిక్ వెలుగును మింగుతుంది, చెదరగొడుతుంది, లోపల తడి పట్టి ఆవిరి కమ్ముతుంది. నా సలహా అడిగితే వద్దనే అంటాను.

లైటును ఛాసిస్‌కి కట్టడం

ఛాసిస్ ముందు పైపు నుంచో రేడియేటర్ ఫ్రేము నుంచో 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టంతో రెండు చేతులు బయటికి తీసుకురండి. ఒక్క బిందువు దగ్గర బిగించిన పొడుగాటి చేయి ఊగుతుంది. అలాంటి లైటు రాత్రి రోడ్డు మీద వణుకుతూ ఉంటుంది. అందుకే ప్రతి చేయికీ ఏటవాలుగా ఇంకో ఊత పెట్టి త్రికోణం చేయండి. చివర 3 మిల్లీమీటర్ల ఇనుప పలక. ఆ పలకకు లైటు గిన్నె. పలక రంధ్రాలను గుండ్రంగా కాకుండా పొడవుగా కోస్తే, గిన్నెను అటూ ఇటూ 10 మిల్లీమీటర్లు జరుపుకోవచ్చు. సన్నటి సర్దుబాటు గిన్నెకే ఉన్న స్క్రూలు చూసుకుంటాయి.

వెల్డింగ్ పూర్తిగా చేసేయకండి, చుక్కలు పెట్టి ఆపండి. అసలు లైటు బదులు అదే వ్యాసంలో ప్లైవుడ్ పళ్లెం కోసి, దాని మధ్యలో అర మీటరు తిన్నని కడ్డీ నిటారుగా గుచ్చి, గిన్నె చోట బిగించండి. ఈ కడ్డీ లైటు ఎటు చూస్తోందో చెప్పే వేలు. రెండు కడ్డీలు నేల మీది మధ్య గీతకు సమాంతరంగా, రసమట్టం పెడితే సమంగా ఉండాలి. కడ్డీల మొదళ్ల మధ్య దూరం, కొసల మధ్య దూరం ఒకటే రావాలి. ఇది కుదిరాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, సస్పెన్షన్‌ను జాక్‌తో పైదాకా నొక్కి, టైరుకూ లైటు గిన్నెకూ మధ్య 30 మిల్లీమీటర్లయినా ఖాళీ ఉందో లేదో చూడండి. ఉంటేనే పూర్తి వెల్డింగ్.

ఆకారం నిలబెట్టడం

ఇప్పుడు ముక్కు. లైటు పళ్లేల నుంచి మొదలుపెట్టి వెనక్కి, బోనెట్ అంచుకీ మడ్‌గార్డులకీ వెళ్లే గీతలను సన్నటి చెక్క బద్దలతో కట్టి చూడండి. బద్ద తనంతట తాను తీసుకునే వంపు కంటికి నచ్చుతుంది. బలవంతంగా వంచాల్సి వచ్చిందంటే అక్కడ ఆకారం కుదరలేదన్నమాట. బద్దలు నచ్చాక వాటి మధ్య పాలియురెథేన్ ఫోమ్ దిమ్మలు నింపి, రంపంతో, గరుకు కాగితంతో చెక్కండి. థర్మాకోల్ చవక, చేతికి దగ్గరగా ఉంటుంది. కానీ ఫైబర్‌గ్లాస్‌ను గట్టిగా అంటించే పాలియెస్టర్ రెసిన్ తగిలిందంటే అది కళ్లముందే కరిగి గుంటపడిపోతుంది. థర్మాకోలే వాడాలంటే పైన ఎపాక్సీ రెసిన్ వేయాలి.

ఒక పక్కే చెక్కండి. అది నచ్చాక ప్రతి 100 మిల్లీమీటర్లకూ ఒక అట్టముక్క పెట్టి వంపును గీసుకుని, కోసి, అదే అట్టను తిప్పి రెండో పక్క పెట్టి సరిచూసుకుంటూ చెక్కండి. ప్రతి అట్ట మీద మధ్య గీత నుంచి దూరం, నేల నుంచి ఎత్తు రాసి ఉండాలి. కంటి లెక్కతో రెండు పక్కలా ఒకేలా చెక్కగలనని ఎంత నమ్మకమున్నా సరే, అట్టలు మానకండి.

రేడియేటర్‌ను మరవద్దు. నోరు ఎంత పెద్దదన్నదాని కంటే, నోట్లోంచి వచ్చిన గాలి పక్కలకు జారిపోకుండా రేడియేటర్ దాకా వెళ్తోందా అన్నదే ముఖ్యం. నోటి అంచు నుంచి రేడియేటర్ అంచు దాకా నాలుగు వైపులా అల్యూమినియం రేకుతో మూసే చోటు ఇప్పుడే వదలండి. ఫైబర్‌గ్లాస్ వేశాక వదలాలంటే కోయాలి.

అచ్చుతోనా, నేరుగానా

ఒక్క ముక్కే కావాలి, ఇంకోటి ఎప్పుడూ చేయరు అనుకుంటే ఫోమ్ మీద నేరుగా ఫైబర్‌గ్లాస్ వేసి, లోపలి ఫోమ్ గీకేయొచ్చు. అచ్చు చేసే పని తప్పుతుంది. కానీ పైభాగం గరుకుగా వస్తుంది కాబట్టి, ఆ పని మొత్తం పుట్టీ, ఇసుక కాగితం రూపంలో తిరిగొస్తుంది. మళ్లీ ఎప్పుడైనా పగిలితే కొత్తది తీసుకునే దారీ ఉండదు. వాడే కారైతే అచ్చు చేయమంటాను, అంటే చెక్కిన ఫోమ్ ఆకారం మీద ఫైబర్‌గ్లాస్‌తో ముందు ఒక అచ్చు తీసి, దాని లోపల ముక్కు వేయడం.

అచ్చులో పడే వస్తువు బయటికి రావాలంటే గోడలన్నీ కాస్త విచ్చుకుని ఉండాలి, 3 డిగ్రీలైనా. లైటు కూర్చునే గుంట దగ్గరే ఇది కుదరదు, ముక్కు మొత్తం అక్కడ పట్టేస్తుంది. దీనికి తేలిక ఉపాయం ఉంది. ముక్కులో గుండ్రటి రంధ్రం మాత్రమే వదలండి, లైటు గుంటను విడిగా చేసి వెనకనుంచి అతికించండి. గుండ్రటి గుంటకు కుడి ఎడమల తేడా ఉండదు కాబట్టి, ఒక్క చిన్న అచ్చుతో రెండూ వస్తాయి.

ఫైబర్‌గ్లాస్ వేయడం

ముందు జాగ్రత్తలు. రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్‌గా వచ్చే ఎమ్‌ఈకేపీ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా సీసా మూత కూడా తీయకండి. యాక్సిలరేటర్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం) కలపని రెసిన్ కొన్నట్లయితే, ఆ యాక్సిలరేటర్‌నూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదాంతో ఒకటి ఎప్పుడూ కలపొద్దు, పేలుతుంది. యాక్సిలరేటర్ ముందే కలిపి ఉన్న రెసిన్ కొంటే ఆ టెన్షన్ ఉండదు. రెసిన్ ఆవిరికి బొగ్గు ఫిల్టరున్న మాస్కు, గ్రైండింగ్ దుమ్ముకి దుమ్ము మాస్కు. గుడ్డ మాస్కు దేనికీ చాలదు.

గది 15 నుంచి 25 డిగ్రీల మధ్య, పొడిగా ఉండాలి. కొత్త అచ్చుకు మైనం ఐదారు సార్లు పూసి, ప్రతిసారీ తుడిచి, పైన, ముక్కు అచ్చుకు అంటుకోకుండా ఊడొచ్చేలా చేసే పీవీఏ ద్రవం ఒక పొర వేసి ఆరనివ్వండి.

జెల్‌కోట్ చదరపు మీటరుకు సుమారు 600 గ్రాములు, అంటే అర మిల్లీమీటరు మందం. మరీ పల్చగా వేస్తే తర్వాతి రెసిన్ దాన్ని కొరికి ముడతలు తెస్తుంది. మరీ మందంగా వేస్తే తర్వాత చిట్లుతుంది. అచ్చు అంచు దగ్గర వేలితో ముట్టి చూడండి. జిగురుగా తగలాలి కానీ రంగు వేలికి అంటకూడదు. అప్పుడే మ్యాట్ (గాజు నారల పట్టీ) మొదలుపెట్టాలి.

చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ ఒక పొర ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. ముక్కుకి మూడు పొరలు, బోల్టులు పడే చోట్ల ఇంకో రెండు. మొదటి పొరకు 300 గ్రాముల పల్చటి మ్యాట్ వాడితే మూలల్లో బాగా ఒదుగుతుంది. రెసిన్ బరువు మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు. అంటే 450 మ్యాట్ ఒక చదరపు మీటరుకు కిలో రెసిన్ పట్టుకోండి. హార్డెనర్ 1 నుంచి 2 శాతం, కిలోకు 10 నుంచి 20 గ్రాములు. వేడి రోజుల్లో తక్కువ, చల్లటి రోజుల్లో ఎక్కువ. డబ్బా మీద రాసిన హద్దు దాటకండి. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే వేడెక్కి వంకర పోతుంది. మరీ తగ్గిస్తే ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. ఒకేసారి అర కిలోకి మించి కలపకండి, కలిపింది లోతు డబ్బాలో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి. డబ్బా గోరువెచ్చగా తగిలిందంటే ఆ రెసిన్ పని అయిపోయినట్టే, పక్కన పెట్టేయండి.

మ్యాట్‌ను కత్తెరతో కాకుండా చేత్తో చింపండి. చింపిన అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది, కోసిన అంచు గీతలా నిలబడుతుంది. రెసిన్ ముందు అచ్చుకు పూసి, మ్యాట్ పెట్టి, బ్రష్‌తో రుద్దకుండా నిలువుగా పొడవండి. తెల్లటి మ్యాట్ ఒక అర నిమిషంలో మెత్తబడి, వెనక జెల్‌కోట్ రంగు కనిపించేంత పారదర్శకంగా మారుతుంది. ఇంకా తెల్లగా మిగిలిన చుక్క ప్రతిదీ గాలి. పక్కనుంచి టార్చి వేసి చూస్తే అవి ఇంకా బాగా తెలుస్తాయి. గాడులున్న రోలరుతో మధ్య నుంచి అంచులకు నెట్టి బయటికి పంపండి. మూలల్లో మిగిలిపోయిన బుడగ తర్వాత ఎండలో ఉబ్బి, పై జెల్‌కోట్‌ను ఊడగొడుతుంది. పదునైన మూల ఉన్న చోట ముందే రెసిన్‌లో తడిపిన మ్యాట్ పీలికలతో గుండ్రం చేసుకుంటే ఈ బాధ ఉండదు.

రెసిన్ గట్టి తోలులా అయినప్పుడు అంచులను పదునైన కత్తితో కోసేయండి. ఆ సమయం దాటితే గ్రైండరూ దుమ్మూ తప్పవు. వెడల్పాటి చదును భాగాల వెనక, అచ్చులో ఉండగానే, ఫోమ్ పట్టీలు అడ్డంగా పెట్టి పైన మ్యాట్ కప్పండి. లేకపోతే వేగంలో డబ్బా మూతలా డబడబలాడుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులైనా అచ్చులోనే వదిలేయండి. తొందరపడి ఊడదీస్తే అది తనకు నచ్చిన ఆకారం తీసుకుంటుంది.

పాత ముక్కునే బాగుచేస్తుంటే

పగులు కొసల్లో 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, పాకకుండా ఆపండి. తర్వాత వెనక నుంచి పగులు వైపు వాలుగా గ్రైండ్ చేయండి. చాలామంది కక్కుర్తి పడేది ఇక్కడే, పగులు మీద రెండు వేళ్ల వెడల్పు పట్టీ అతికించి అయిందనుకుంటారు. వాలు బాడీ మందానికి 12 రెట్లు ఉండాలి. 3 మిల్లీమీటర్ల బాడీ అయితే పగులుకు ఇరువైపులా 36 మిల్లీమీటర్లు. చూడ్డానికి మరీ ఎక్కువ కోసేసినట్టుంటుంది, కానీ బలం ఆ వాలులోనే ఉంది. ముందు వైపు టేపుతో గట్టిగా మూసి, అసిటోన్‌తో తుడిచి, చిన్న ముక్క నుంచి పెద్ద ముక్కకు వరసగా మ్యాట్ పొరలు నింపండి. ఆరాక ముందు వైపు పగులును V ఆకారంలో గీసి, జెల్‌కోట్ నింపి, పైన సన్నటి ప్లాస్టిక్ కాగితం అతికించండి. గాలి తగిలితే జెల్‌కోట్ పైభాగం జిగురుగానే ఉండిపోతుంది.

ఒక జాగ్రత్త: పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, కానీ గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. అంతకుముందు ఎవరో ఎపాక్సీతో బాగుచేసి ఉంటే మీరూ ఎపాక్సీతోనే కొనసాగించండి.

బిగించడం, రంగు

ముక్కును లైటు చేతుల మీద ఆనించకండి. లైటు రింగుకూ బాడీకీ మధ్య చుట్టూ 4 లేదా 5 మిల్లీమీటర్ల సందు వదిలి, మెత్తటి రబ్బరు పట్టీ పెట్టండి. ముక్కు ఊగినా లైటు ఊగదు. బోల్టు రంధ్రాలు బోల్టు కంటే 2 మిల్లీమీటర్లు పెద్దవిగా, వెనక వెడల్పాటి వాషరు, మధ్యలో రబ్బరు. తరచూ తీయాల్సిన ముక్కుకు పావు చుట్టు తిప్పితే ఊడే క్లిప్పులు సుఖం. నోటి అంచుల్ని, బయటికి పొడుచుకొచ్చే ప్రతి మూలనీ కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం చేయండి. తనిఖీల్లో పట్టుబడే సంగతి ఇది. రోడ్డు మీద నడిచేవాళ్ల కాళ్లకూ మంచిదే.

రంగు గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇది ఓపిక పని. కొత్త ఫైబర్‌గ్లాస్‌ను కొన్ని వారాలు ఆరనివ్వాలి, వీలైతే ఎండలో. మైనం, పీవీఏ పోయేదాకా సబ్బునీళ్లతో కడిగి ఆ తర్వాతే సాండ్ పేపర్ పట్టుకోండి. కడగకుండా రుద్దితే మైనం ఇంకా లోపలికి పోతుంది. పుట్టీ పెట్టాక 80, 180, 320 నంబర్ల వరసలో, పొడవాటి చెక్కకు చుట్టిన కాగితంతో రుద్దండి. రుద్దే ముందు నల్ల స్ప్రే మంచులా పల్చగా కొట్టండి. రుద్దాక నలుపు మిగిలిన చోట గుంట ఉన్నట్టు, చిటికెలో నలుపు పోయి కింది పొర బయటపడ్డ చోట దిబ్బ ఉన్నట్టు. ముదురు రంగులు ఎండకు బాగా వేడెక్కి, కింద మ్యాట్ నార గుర్తులు పైకి తేలుస్తాయి. ఫైబర్‌గ్లాస్ మీద నల్ల రంగు వేసేముందు ఇంకోసారి ఆలోచించండి.

వైరింగ్

మామూలు కార్లలో ఎర్త్‌ను దగ్గర్లో ఉన్న బాడీ రేకుకు కట్టేస్తారు. ఇక్కడ బాడీ ఫైబర్‌గ్లాస్, కరెంటు పారదు. ప్రతి లైటు ఎర్త్ వైరూ ఛాసిస్ మీద పెయింట్ గీకిన ఒకే శుభ్రమైన బోల్టుకు రావాలి. ఒక లైటు వేస్తే ఇంకోటి మసకగా వెలగడం, ఇండికేటర్‌తో పాటు హెడ్‌లైటు మినుకుమనడం లాంటి దయ్యాల వేషాలు చాలావరకు చెడ్డ ఎర్త్ వల్లే.

హెచ్4 హాలోజన్ బల్బు హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లు. 12 వోల్టుల దగ్గర లో బీమ్ ఒక్కోదానికి దాదాపు 4.6 ఆంపియర్లు, రెండూ కలిపితే 9 దాటుతుంది. అంత కరెంటును డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా పంపకండి. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే రిలే పెట్టండి, దాని పిన్నుల నంబర్ల ప్రకారం: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా, 87 నుంచి లైటుకు, 85, 86 స్విచ్‌కీ ఎర్త్‌కీ. లో బీమ్‌కి ఒక రిలే, హై బీమ్‌కి ఒకటి. ఎడమ కుడి లైట్లకు వేర్వేరు ఫ్యూజులు ఉండాలి, ఒకటి పోయినా చీకట్లో రెండోది మిగులుతుంది. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడండి. సన్నటి వైరులో వోల్టేజీ 10 శాతం పడిపోతే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. కొత్త బల్బు కొనే ముందు, లైటు వెలుగుతుండగా ప్లగ్ దగ్గర వోల్టేజీ కొలిచి చూడండి.

లైట్లు ఛాసిస్ మీదే ఉన్నాయి కాబట్టి ముక్కుకు వెళ్లేవి ఇండికేటర్ వైర్లే. వాటికి నీరు చొరబడని ఒక్క ప్లగ్, ముక్కు పక్కన పెట్టేంత పొడవు వదులు వైరు ఉంటే చాలు.

గురి

చదునైన నేల, ఎదురుగా గోడ, లైటు నుంచి గోడకు సరిగ్గా 5 మీటర్లు. సీట్లో మళ్లీ అదే 75 కిలోలు. ముందుగా కారును గోడకు ఆనించినంత దగ్గరగా తెచ్చి, లైట్ల మధ్య బిందువులను, కారు మధ్య గీతను గోడ మీద టేపుతో గుర్తించి, తిన్నగా వెనక్కి జరపండి. లైటు ఎత్తు 800 మిల్లీమీటర్ల లోపుంటే లో బీమ్ 1 నుంచి 1.5 శాతం కిందికి చూడాలి. 5 మీటర్ల దగ్గర 1 శాతం అంటే 50 మిల్లీమీటర్లు. లైటు మధ్య 650 ఎత్తులో ఉంటే, గోడ మీద వెలుగు పై అంచు 600 దగ్గర లేదా ఇంకాస్త కింద పడాలి. ఆ అంచు ఒక పక్క సమంగా సాగి, ఒక చోట మడత పడి, రోడ్డు పక్కకు పైకి లేస్తుంది. ఆ మడత లైటు మధ్యకు సూటిగా ఎదురుగా ఉండాలి. ఒక లైటుకు గుడ్డ కప్పి రెండోదాన్ని సరిచేయండి, తర్వాత మార్చండి. హాలోజన్ బల్బు గాజును వట్టి వేళ్లతో పట్టుకోవద్దు.

అంతా బిగించాక, లైటు చేతుల బోల్టు తలల నుంచి పలక మీదికి ఒక్కో పెయింట్ గీత గీయండి. మొదటి నాలుగైదు ప్రయాణాల తర్వాత ముక్కు ఊడదీసి చూడండి. గీత విరిగి కనిపించిన బోల్టు తిరిగినట్టు, అక్కడ నైలాన్ నట్టు వేయండి. లైటు గిన్నె అడుగున తడి ఉంటే చిన్న రంధ్రం వేసి నీరు పోయే దారి చేయండి. గోడ ముందు గురి ఇంకోసారి చూసుకున్నాకే రింగు స్క్రూలు చివరిసారిగా బిగించండి.